ముక్కు లేని పుట్టి

ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు, చెబుతున్నాను.

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, అవతల ఒక బడి. ఊరికీ బడికీ మధ్య వంతెన లేదు. ఉన్నదల్లా ఒక పుట్టి.

పుట్టి అంటే తెలుసుగా? వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, కింద తారు పూసిన గుడ్డ కుడతారు. పడవకైతే ముక్కు ఉంటుంది, తోక ఉంటుంది. పుట్టికి రెండూ లేవు. చుట్టూ గుండ్రమే. నీళ్ళలో పెడితే కొబ్బరి చిప్పలా తేలుతుంది.

ఆ పుట్టిని నడిపేవాడు తిమ్మప్ప. పొద్దున్నే జనాన్ని దాటించేవాడు, సాయంత్రం తీసుకొచ్చేవాడు. పొద్దు వాలాక పుట్టిని ఒడ్డున బోర్లించేవాడు. పుట్టి బోర్లించి ఉందంటే ఇక దాటేది లేదని అర్థం. ఆ గుర్తు ఏటికి రెండు పక్కలా అందరికీ తెలుసు.

తిమ్మప్పకి ఒక్కతే కూతురు. పేరు కిష్టవేణి, పిలిచేది కిష్టి. పదేళ్ళు. ‘ఎందుకు’ అని అడగందే ఆ పిల్ల ముద్ద కూడా మింగేది కాదు. నోరెక్కువ అనేవాళ్ళు ఊళ్ళో. అడిగే ఆడపిల్లకి ఊరు పెట్టే పేరు అదే. బళ్ళో మాత్రం అడిగిన కొద్దీ చెప్పేవాళ్ళు. అందుకే కిష్టికి బడంటే ప్రాణం.

ఊరి నుంచి బడికి పోయేది ఇద్దరే. కిష్టి ఒకతి. రెండోది సుంకి, ఆరేళ్ళది, చేపలు పట్టే గోకారి కూతురు.

అప్పుడేమైంది? ఒకనాడు తిమ్మప్ప పాకుడు రాయి మీద కాలు జారి పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. కట్టు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించి, “దసరా దాకా తెడ్డు ముట్టుకోకు” అన్నాడు.

దసరాకి ఇంకా మూడు నెలలుంది.

“సరేలేవే. దసరా దాకా మేకల వెంట పో” అన్నాడు తిమ్మప్ప.

“దసరా తర్వాత?”

“తర్వాత సంగతి తర్వాత. మూడు నెలలు పోయాక ఇంకా బడేమిటి? మేకలకే అలవాటు పడతావు.”

కిష్టి ఒప్పుకుంటుందా? “అయితే పుట్టి నేనే నడుపుతాను” అంది.

తిమ్మప్ప నవ్వాడు. కాని ఆ పిల్ల వదిలితేగా! మూడు రోజులు అన్నం దగ్గరా అదే మాట, నీళ్ళ దగ్గరా అదే మాట. చివరికి ఆయనే విసిగి, ఒక పొద్దున్న ఏటికి తీసుకెళ్ళాడు.

కిష్టి పుట్టి మధ్యలో కూచుంది. తెడ్డు పక్కకి వేసి కొట్టింది. పుట్టి గిర్రున తిరిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తిరిగింది.

“అట్లా కాదు, ఇటివ్వు” అని తిమ్మప్ప ఎడమ చేత్తో తెడ్డు లాక్కుని తనే వేసి చూపించాడు. ఒక్క చేత్తోనే పుట్టి నిమ్మళంగా ముందుకి పోయింది. కిష్టి మళ్ళీ తీసుకుంది. మళ్ళీ తిరిగింది. “ఇటివ్వు!” మళ్ళీ లాక్కున్నాడు. పొద్దెక్కేదాకా అదే వరస. తెడ్డు కిష్టి చేతిలో ఉన్నది ఎంతసేపు? కాసేపే. నాయనకి నేర్పాలనే ఉంది పాపం. కాని కూతురు తప్పు చేస్తుంటే చూసే ఓపిక ఆయనకి లేదు.

“నీవల్ల కాదులే” అని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ తర్వాత గోకారి వచ్చాడు. అతనికి సొంత పుట్టి ఉంది కాని తెల్లారకముందే వలలేసుకుని దిగువకి పోతాడు, బడి పిల్లల కోసం ఆగే తీరిక లేదు. “ఈత వచ్చు కదే నీకు?” అనడిగాడు.

“వచ్చు మామా.”

“అయితే ఇంకేం!” అని కిష్టిని పుట్టిలో కూచోబెట్టి, కాలితో ఒక్క తోపు తోశాడు. “పడితే అదే వస్తుంది. మాకు ఎవడు నేర్పాడు?” అంటూ వల దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఏటి వాలులో పుట్టి గిరగిరా తిరిగింది. ఆకాశం తిరిగింది, ఒడ్డు తిరిగింది, పొద్దున తిన్న సంగటి కడుపులో తిరిగింది. తెడ్డు ఎక్కడ జారిందో తెలీదు. చివరికి రెల్లు పొదలో తట్టుకుని ఆగింది. కిష్టి బురదలో పడుతూ లేస్తూ ఇల్లు చేరింది. మర్నాటి నుంచీ గోకారి ఆ పిల్లని గిరగిరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. అతను పిలిస్తే ఊరూ పిలిచింది.

కిష్టి మేకల వెంట పోయింది. ఒక వారం పోయింది. అవతలి ఒడ్డున బడి గంట వినబడినప్పుడల్లా మేకల్ని వదిలేసి ఏటివైపు చూస్తూ నిలబడేది.

ఊఁ కొడుతున్నావా? ఆ, అట్లా.

అప్పుడు వచ్చింది సవారమ్మ.

సవారమ్మ ఎవరనుకున్నావు? తిమ్మప్పకి అక్క, కిష్టికి మేనత్త. తమ్ముడికి చెయ్యి విరిగిందని తెలిసి వండిపెట్టడానికి దిగువ ఊరి నుంచి వచ్చింది. మొగుడితో కలిసి ముప్పై ఏళ్ళు పుట్టి నడిపిన మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. మాట తక్కువ. పడుకోబోయే ముందు మాత్రం ఒక పొడుపు కథ వేసేది.

పొడుపు కథకి జవాబుని విడుపు అంటారు. అందరూ పొడిచిన వెంటనే విప్పేస్తారు. సవారమ్మ విప్పేది కాదు. “విడుపు చెప్పత్తా” అని కిష్టి కాళ్ళావేళ్ళా పడినా, “నువ్వే చెప్పు” అని అటు తిరిగి పడుకునేది.

మూడో రోజు సవారమ్మ అడిగింది, “ఏమే, మేకల వెంట పోతూ మొహం అట్లా పెట్టుకుంటావేం?”

కిష్టి అంతా చెప్పింది. నాయన లాక్కున్నదీ చెప్పింది, గోకారి తోసిందీ చెప్పింది. చెప్పి, “నాకు రాదత్తా” అంది.

సవారమ్మ ఆకు నమిలింది. “ఇవాళ్టి పొడుపు విను. చుట్టూ మొహమే, ముక్కు మాత్రం లేదు. దానికి ముందేది?”

“పుట్టి కదూ! కాని పుట్టికి ముందెక్కడిది? ఉండదు.”

“ఉంటుంది. నువ్వే చెప్పు.”

మర్నాడు పొద్దున్నే అత్తా మేనకోడలూ కొత్త తెడ్డు ఒకటి తీసుకుని ఏటికి వెళ్ళారు. సవారమ్మ చీర మోకాళ్ళదాకా దోపుకుని నీళ్ళలో నిలబడి, పుట్టి అంచు రెండు చేతులా పట్టుకుంది.

“దీన్ని పట్టు అంటారు” అంది. “నేను పట్టుకున్నంతసేపూ పుట్టి కొట్టుకుపోదు. ఆ బెంగ నాది. నీ పని తెడ్డు ఒక్కటే.”

కిష్టి తెడ్డు వేసింది. పక్కకి కొట్టింది. పుట్టి తిరగబోయి అత్త చేతుల్లో ఆగింది. ముందుకి మాత్రం పోలేదు. అట్లా ఒక రోజు. రెండో రోజూ అంతే. అప్పుడు కిష్టికి ఒళ్ళు మండింది.

“నీకు తెలుసు కదా! చెబితే ఏం పోయింది?”

“చెబితే వింటావు.”

“విననీ!”

“వింటావు, రేపటికి మర్చిపోతావు. మీ నాయన చూపిస్తే చూశావుగా, గుర్తుందా?”

కిష్టికి గుర్తు లేదు. నోరు మాత్రం ఊరుకోలేదు. “అయితే గోకారి మామ చేసిందే మంచిదన్నమాట. ఆయనా చెప్పలేదు, నువ్వూ చెప్పవు. ఇద్దరికీ తేడా ఏముంది?”

సవారమ్మ నవ్వింది. ఎంత నవ్విందంటే ఆకు నోట్లోంచి పడబోయింది. “వాడు వలేసుకుని వెళ్ళిపోయాడే. నేను మోకాళ్ళలోతు నీళ్ళలో నానుతున్నాను. తేడా నీకు కనబడటం లేదా?”

అని, నీళ్ళ మీదికి వంగిన వేపకొమ్మ నుంచి ఒక చేత్తో ఆకు తుంచి నీళ్ళ మీద పడేసింది. “నీ మొహం చూసి జాలేసి సగం చెబుతున్నాను. నన్ను చూడకు, పుట్టిని చూడకు. ఆకుని చూడు.”

అప్పుడు పుట్టి అంచు మీద పట్టు సడలించి రెండు వేళ్ళు మాత్రం ఉంచింది.

కిష్టి తెడ్డు కుడి పక్కన వేసింది. ఆకు వెనక్కి పోయింది. పుట్టి తిరిగింది. ఎడమ పక్కన వేసింది. ఆకు మళ్ళీ వెనక్కి పోయింది, పుట్టి అటు తిరిగింది. అప్పుడు కిష్టి మోకాళ్ళ మీద ముందుకి జరిగి, అంచు దగ్గర కూచుని, తెడ్డు ఎదురుగా చాపి, ఆకుని తనవైపు లాక్కుంది.

ఆకు దగ్గరికొచ్చింది.

కాదు. ఆకు రాలేదు. పుట్టే ఆకు దగ్గరికి పోయింది.

కిష్టి వెనక్కి తిరిగి ఆ అంచు దగ్గర కూచుంది, అటు చాపి లాగింది. పుట్టి అటు పోయింది. పక్కకి తిరిగి లాగింది. పక్కకి పోయింది.

“అత్తా! తెడ్డు ఎటు వేస్తే అదే ముందు!”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే!”

“అయితే ఇక మర్చిపోవు” అని సవారమ్మ చేతులు రెండూ తీసేసి, తడిసిన చీర పిండుకుంది.

ఆ తర్వాత తాడు వచ్చింది. ఒక కొస పుట్టికి కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని, మూడు బారల తాడు వదిలింది సవారమ్మ. “విడుపు!” అని కేకేసింది.

“విడుపంటే జవాబు కదత్తా?”

“వదలడం కూడా విడుపే. తెడ్డు వెయ్యి.”

మూడు బారల్లో కిష్టి బాగానే నడిపింది. సవారమ్మకి ముచ్చటేసి, మర్నాడే పది బారలు వదిలింది. నాలుగు బారలు దాటేసరికి వాలు పట్టేసింది. పుట్టి ఊగింది, కిష్టి తెడ్డు వదిలేసి అంచు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. సవారమ్మ తాడు లాగి ఒడ్డుకి చేర్చి, పిల్ల తల తుడిచింది.

“తప్పు నీది కాదే. తొందర నాది” అంది. మళ్ళీ మూడు బారలకి వచ్చింది. ఇంకో వారం మూడు బారలే. ఆ తర్వాతే పది.

తాడు పొడుగయ్యే కొద్దీ సవారమ్మ మాట పొట్టిదయింది. మొదట్లో నీళ్ళలో దిగేముందు రోజూ మూడు ప్రశ్నలు అడిగేది. “నీళ్ళ రంగేమిటి? పుల్ల ఎట్లా పోతోంది? గుర్రం ఎంత మునిగింది?” గుర్రమంటే నిజం గుర్రం కాదు, ఏటి మధ్యలో గుర్రంలాంటి బండ ఒకటుంది. దాని పొట్ట కనబడితే నీళ్ళు తక్కువ, మెడ కనబడితే మామూలు. కిష్టి నీళ్ళు దోసిట్లో తీసి చూసి, పుల్ల విసిరి చూసి, బండని చూసి చెప్పేది. కొన్నాళ్ళకి సవారమ్మ “రంగు, పుల్ల, గుర్రం” అని మాత్రం అనేది. ఇంకొన్నాళ్ళకి కనుబొమలు ఎగరేసేది, అంతే. చివరికి అదీ మానేసింది. ఆకు నములుతూ వేరే వైపు చూసేది. కిష్టి తనంతట తనే పుల్ల విసిరేది.

ఒకనాడు సవారమ్మ తాడు విప్పి చుట్ట చుట్టి, బట్టలారేసుకోవడానికి ఇంట్లో కట్టేసింది. తనూ పుట్టిలో ఎక్కి నాలుగు రోజులు అటూ ఇటూ దాటింది. నోట్లో ఆకు ఉందిగా, ఒక్క మాట మాట్లాడలేదు. అయిదో రోజు ఒడ్డునే ఆగిపోయింది.

“నువ్వు రావా అత్తా?”

“నాకు వంట లేదా?”

కిష్టి పుట్టి ఎక్కింది. సుంకి వచ్చి పక్కన కూచుంది. తెడ్డు ఎదురుగానే పడింది. ఇద్దరూ బడికి పోయారు. కిష్టి అడగాల్సిన ‘ఎందుకు’లు నెలన్నరవి మిగిలిపోయాయి కదా, ఆ వారమంతా పంతులుగారికి ఊపిరి ఆడలేదు.

గోకారి మాత్రం ఊరుకోలేదు. “చూస్తాను, ఎన్నాళ్ళు నడుపుతుందో గిరగిరమ్మ. ఒక్కసారి తేడా వచ్చిందా, నా కూతురు బడి మానేస్తుంది, నీదీ మానాలి” అన్నాడు తిమ్మప్పతో. తిమ్మప్ప తలూపాడు. ఆ మాట కిష్టి చెవిన పడింది.

పడుకున్నావా? లేదూ? ఊఁ చిన్నగా వస్తోంది మరి.

తర్వాత నెలలో ఒక సాయంత్రం బడి వదిలారు. కిష్టీ సుంకీ ఒడ్డుకి వచ్చారు. ఇక్కడ వాన లేదు, మబ్బు లేదు. కాని ఎగువన ఎక్కడో పడినట్టుంది. ఏటి చప్పుడు వేరేగా ఉంది.

ఊరి ఒడ్డున సవారమ్మ నిలబడి ఉంది. పక్కన తిమ్మప్ప, గోకారి. ముగ్గురూ ఏదో అరుస్తున్నారు. నీళ్ళ హోరులో ఒక్క మాటా వినబడలేదు.

కిష్టి చెవుల్లో మాత్రం ముగ్గురి మాటలూ వినబడ్డాయి. ‘ఇటివ్వు’ అంది ఒకటి. ఇవ్వడానికి ఎవరున్నారు ఇక్కడ? ‘పడితే అదే వస్తుంది’ అంది ఇంకోటి. కిష్టి పక్కకి చూసింది. సుంకికి ఈత రాదు. ‘నువ్వే చెప్పు’ అంది మూడోది.

కిష్టి వంగి నీళ్ళు దోసిట్లోకి తీసింది. ఎర్రటి బురద. పుల్ల విసిరింది. కన్ను మూసి తెరిచేలోగా పుల్ల లేదు. గుర్రంవైపు చూసింది. మెడ లేదు. చెవులు రెండూ నీళ్ళపైన అట్లా అట్లా కనబడుతున్నాయి.

గుర్రం చెవులదాకా మునిగితే ఏం చెయ్యాలో అత్త ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ మునగలేదు మరి.

“ఎక్కుదామా అక్కా?” అంది సుంకి.

కిష్టి ఊరివైపు చూసింది. ఎక్కితే ఒడ్డు చేరవచ్చు, చేరకపోవచ్చు. ఎక్కకపోతే గోకారి మామ మాట నెగ్గుతుంది, రేపటి నుంచి మేకలే. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, “ఆ అంచు పట్టుకో సుంకీ” అంది. ఆడుకుంటున్న ఇంకో నలుగురు పిల్లల్ని పిలిచింది. అందరూ కలిసి పుట్టిని ఒడ్డు పైదాకా లాగారు.

లాగి, బోర్లించారు.

ఊరి ఒడ్డున ముగ్గురూ అది చూశారు. సవారమ్మ అరవడం మానేసింది. గట్టున కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

“చూశావా తిమ్మప్పా? పిరికిది! చేతులెత్తేసింది” అన్నాడు గోకారి. “నా కూతుర్ని నేనే తెచ్చుకుంటాను.” తన పుట్టి నీళ్ళలోకి తోశాడు. సవారమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది, విదిలించుకున్నాడు.

ఏరు గోకారిని గిరగిరా తిప్పింది. తెడ్డు విరిచింది. అటు చేర్చలేదు, మధ్యలో ఉంచలేదు, తిప్పి తిప్పి ఇవతలి ఒడ్డునే అరమైలు దిగువన ముళ్ళపొదలో పారేసింది. తడిసి, గీరుకుపోయి, చొక్కా చిరిగి నడిచొచ్చాడు. గిరగిరప్పా అని ఎవరూ అనలేదు. అనాలని అందరికీ నాలుక దురద పెట్టింది గాని.

పిల్లలిద్దరూ ఆ పూట బళ్ళో వంట చేసే ఆవిడ ఇంట్లో అన్నం తిని అక్కడే పడుకున్నారు.

తెల్లారాక కిష్టి ఏటికొచ్చింది. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పుల్ల విసిరింది. పుల్ల దిగువకి జారుతోంది గాని మాయం కావడం లేదు. గుర్రానికి మెడ బయటపడింది. కిష్టి ఇంకో పుల్ల విసిరి అది ఎంత దూరం కొట్టుకుపోతుందో చూసింది. చూసి, వంటావిడని సాయం అడిగి, పుట్టిని ఒడ్డు వెంట ఎగువకి లాక్కెళ్ళింది. ఒక ఫర్లాంగు దూరం.

“రేవు ఇక్కడుంటే అటు పోతావేమే?” అంది ఆవిడ.

“నేను కిందికి కొట్టుకుపోతాను కదా. అందుకని పైనుంచి బయల్దేరతాను.”

సుంకిని ఎక్కించుకుని బయల్దేరింది. అట్లాగే కొట్టుకుపోయింది. తెడ్డు ఎదురుగా వేస్తూ, ఏటితో పోట్లాడకుండా వాలుగా కోసుకుంటూ, సరిగ్గా ఊరి రేవు దగ్గరే ఒడ్డు తాకింది. గోకారి నీళ్ళలోకి పరిగెత్తి సుంకిని ఎత్తుకున్నాడు. చాలాసేపు దించలేదు. కిష్టివైపు చూడటానికి మాత్రం మొహం చెల్లలేదు.

“ఎవరు నేర్పారే నీకు పుట్టి బోర్లించమని?” అన్నాడు చివరికి.

తిమ్మప్ప అక్కవైపు చూశాడు. సవారమ్మ తల అడ్డంగా ఊపింది. “నేను నేర్పలేదు. ఎట్లా దాటాలో నేర్పాను. ఎప్పుడు దాటకూడదో నేను చెప్పనే లేదు.” అని మేనకోడలి గడ్డం పట్టుకుంది. “ఎట్లా తెలిసిందే?”

కిష్టి తెడ్డు ఒడ్డున పెట్టింది. రాత్రి ఏడ్చిన కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. అయినా నోరు నోరే కదా.

“నువ్వే చెప్పు” అంది.

సవారమ్మ నోట్లోని ఆకు ఈసారి నిజంగానే పడిపోయింది.

మేకల మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దసరా వచ్చింది, తిమ్మప్ప కట్టు విప్పారు. మొదటి రోజు రేవుకొచ్చి, అలవాటు కొద్దీ “ఇటివ్వు” అని చెయ్యి చాపాడు. చాపి, కూతురి మొహం చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని పుట్టిలో ఒక పక్కగా కూచున్నాడు.

అదే రోజు సాయంత్రం సుంకి తెడ్డు పట్టుకుంది. పుట్టి మధ్యలో కూచుని పక్కకి కొట్టింది. పుట్టి గిర్రున తిరిగింది.

కిష్టి నవ్వలేదు, లాక్కోలేదు. లంగా మోకాళ్ళదాకా దోపుకుని నీళ్ళలో దిగి, అంచు రెండు చేతులా పట్టుకుంది.

“సుంకీ, చుట్టూ మొహమే, ముక్కు మాత్రం లేదు. దానికి ముందేది?”

అదిగో, ఊఁ రావడం లేదు. అయితే ఈ మాటలు నిద్రలోనే వినుకో.

తెడ్డు పట్టిన పిల్ల బడికి,
తాడు కాస్తా బట్టల దండేనికి,
పొడుపు వేసిన అత్త వంటకి,
విడుపు దొరికేది నీ బుర్రకి.
కథ పట్టె కంచి దారి,
నువ్వు పట్టు దిండు దారి!